పాత పీఎస్2లో చూడ్డానికి బాగుండే గేములు ఏవి? ముందు నీ టీవీ సంగతి మాట్లాడుకుందాం

ఆదోని నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న: "మా చిన్నాన్న వాడిన పీఎస్2 (ప్లేస్టేషన్ 2) గేమ్ మిషన్ అటక మీద దొరికింది అన్నా. ఇంట్లో 32 అంగుళాల ఎల్ఈడీ టీవీ ఉంది. సీడీలు నాలుగో ఐదో కొనుక్కుందామని ఉంది. గ్రాఫిక్స్ బాగుండే గేములు ఏవి? నెట్‌లో ఫొటోలు చూస్తే అన్నీ మసకగానే కనిపిస్తున్నాయి."

నీ చివరి మాట దగ్గరే మొదలుపెడతా. ఆ ఫొటోలను బట్టి ఏ గేమునూ తీసేయొద్దు. పీఎస్2 బొమ్మ కదులుతున్నప్పుడు చూడాల్సిన బొమ్మ. అది కూడా సరైన టీవీలో. ఈ సంగతి నాకు పుస్తకాల్లో తెలియలేదు, చేతిలో డబ్బు లేని రోజుల్లో భయపడి తెలుసుకున్నా.

నాది కర్నూలు. ఇంటర్ సెకండియర్ నుంచి డిగ్రీ అయ్యేదాకా వన్ టౌన్‌లో ఒక వీడియో గేమ్ షాపులో సాయంత్రం పూట కూర్చునేవాణ్ణి. నాలుగు పీఎస్2లు, నాలుగు 21 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీలు, గోడవార ఒక బెంచీ. 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ రెండూ కలిసి ఊరి మీదికి వచ్చినాయి. ఓనరు మూడు మిషన్లను గోనెసంచిలో వేసుకుని మిద్దె ఎక్కినాడు. టీవీలు మోసే టైము లేదు. నీళ్లు తీసినాక షాపు నిండా బురద. ఆయన మళ్లీ షాపు తెరవలేదు. ఒక మిషన్ నాకిచ్చి, డబ్బులు నెలనెలా కట్టమన్నాడు.

మా ఇంట్లో పాత టీవీ కూడా వరదకే పోయింది. సంక్రాంతికి కొత్త ఎల్‌సీడీ టీవీ తెచ్చినాము. పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు గుచ్చి 'షాడో ఆఫ్ ది కొలోసస్' పెట్టినా. ప్రాణం ఉసూరుమంది. గడ్డి అంతా పచ్చటి ముద్ద. గుర్రం కాళ్ల దగ్గర అంచులు పళ్లచక్రం మాదిరి గీతలు గీతలుగా చీలుతున్నాయి. మిషన్‌లోకి వరద నీళ్లు దిగినాయేమో, ఇంకా అప్పు కూడా తీరలేదే అని రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే టీవీ మెకానిక్ దగ్గరికి మోసుకుపోయినా. ఆయన బల్ల మీద రిపేరుకొచ్చిన పిక్చర్ ట్యూబ్ టీవీ ఒకటి ఉంటే దానికి తగిలించినాడు. అదే సీడీ, అదే గుర్రం. నేను షాపులో చూసిన బొమ్మ మళ్లీ వచ్చేసింది. "మిషన్‌కి ఏమీ కాలేదప్పా, నీ కొత్త టీవీకి ఈ బొమ్మ చదవడం రాదు" అన్నాడు.

ఆ మాట అక్షరాలా నిజం. పీఎస్2 వచ్చింది 2000లో. అప్పుడు ఇళ్లలో ఉన్నవి దాదాపు అన్నీ పిక్చర్ ట్యూబ్ టీవీలే. అందుకే దాదాపు అన్ని గేములూ బొమ్మను రెండు విడతలుగా పంపుతాయి, ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. మన దగ్గరి పాల్ (PAL) అనే టీవీ సిగ్నల్ పద్ధతిలో సెకనుకు 50 విడతలు, అమెరికా పద్ధతిలో 60. పిక్చర్ ట్యూబ్ ఆ గీతలను వచ్చినవి వచ్చినట్టే గీస్తుంది. గీతకూ గీతకూ మధ్య వెలుగు కొంచెం పరుచుకుంటుంది, గరుకు అంచులు అందులో కలిసిపోతాయి. ఎల్ఈడీ అట్లా గీయలేదు. రెండు విడతలనూ కలిపి, సాగదీసి, లక్షల చుక్కల్లోకి సర్దాలి. సర్దే పని టీవీ ఎంత బాగా చేస్తుందో నీకు అంత బాగా కనిపిస్తుంది. చాలా టీవీలు ఆ పని మీద పెద్దగా శ్రద్ధ పెట్టవు.

ఇక గేముల సంగతి. షాపులో నాకొక కొలబద్ద దొరికింది. బెంచీ మీద వంతు కోసం కూర్చున్న పిల్లలు ఏ టీవీ వైపు చూస్తున్నారో గమనించేవాణ్ణి. మా దగ్గర అందరూ ఎగబడి ఆడింది 2004 నాటి 'జీటీఏ: శాన్ ఆండ్రియాస్', ఆ తర్వాత కుస్తీ గేములు, 'క్రికెట్ 07'. కానీ బెంచీ మీద కళ్లు అటు పోయేవి కావు. ఎవరైనా 'గాడ్ ఆఫ్ వార్ 2' పెట్టినారంటే నాలుగు టీవీల ముందున్న జనమంతా ఒక్క టీవీ వెనక చేరేవాళ్లు. ఆడ్డానికి బాగుండడం వేరు, చూడ్డానికి బాగుండడం వేరు. నువ్వు అడిగింది రెండోది కాబట్టి దాని గురించే చెప్తా.

ఏది చూడ్డానికి బాగుంటుందనే దానికి కారణం మిషన్ లోపలే ఉంది. పీఎస్2లో ప్రధాన మెమరీ 32 ఎంబీ. బొమ్మ గీసే చిప్‌కు సొంతంగా ఉన్నది 4 ఎంబీ మాత్రమే. అందులోనే తెర మీది బొమ్మ పట్టాలి, గోడలకూ నేలకూ చుట్టే రంగుల కాగితాలు కూడా పట్టాలి. అందుకే ఏ గేములోనైనా గోడ దగ్గరికి పోయి ముక్కు ఆనించి చూస్తే మసకే. కానీ ఆ చిప్‌కూ ఆ 4 ఎంబీకీ మధ్య దారి మాత్రం సెకనుకు 48 జీబీ వెడల్పు. గోడౌను చిన్నది, గేటు మాత్రం రాజమార్గం. దాని వల్ల ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా రంగు పూయడం ఈ మిషన్‌కు చాలా తేలిక. పొగ, వాన, దుమ్ము, మంట, ఎండ తళుకు, ఇవన్నీ అట్లాంటి పొరలే. పీఎస్2 గేమును అంచనా వేయాలంటే గోడను చూడొద్దు, గాలిని చూడు. గాలిలో ఏముందో చూడు.

అందుకే నా లెక్కలో మొదటిది 2001లో వచ్చిన 'మెటల్ గేర్ సాలిడ్ 2'. ఓడ మీద రాత్రి వాన. చినుకులు ఏటవాలుగా పడతాయి, డెక్ మీద చిట్లుతాయి, దీపం వెలుగు కింద మాత్రమే మెరుస్తాయి. ఇంత జరుగుతున్నా ఆట ఎక్కడా నత్తినత్తిగా పోదు. దీని తర్వాతి కూర్పు ఎక్స్‌బాక్స్‌కూ వచ్చింది. ఎక్స్‌బాక్స్ చాలా విషయాల్లో బలమైన మిషన్, అయినా ఈ వాన దగ్గర అది తడబడేది. రంగులు తక్కువ, బూడిద, నీలం, పచ్చ, అంతే. ఆ తక్కువ రంగులే దాన్ని ఇన్నేళ్లు కాపాడినాయి. ఓడ వంటగదిలో సీసాలను కాల్చి చూడు. ఒక్కొక్కటీ వేరుగా పగులుతుంది. మా షాపులో గంటకు డబ్బు కట్టి సీసాలు మాత్రమే కాల్చి పోయిన పిల్లలున్నారు.

'గాడ్ ఆఫ్ వార్ 2' వచ్చింది 2007లో, అప్పటికి దీని తర్వాతి మిషన్ పీఎస్3 కూడా బయటికొచ్చింది. ఏడేళ్లు ఒకే మిషన్ మీద పనిచేసినాక దానిలో ఏది చేతనవుతుందో అందరికీ తెలిసిపోయింది. ఈ గేములో కెమెరా నీ చేతిలో ఉండదు. చాలామందికి అది లోపంగా అనిపిస్తుంది, నాకు మాత్రం అదే దీని బలం. నువ్వు ఎటు చూస్తావో తయారుచేసినవాళ్లకు ముందే తెలుసు కాబట్టి, కనిపించని వైపు ఏమీ పెట్టకుండా ఉన్న శక్తినంతా కనిపించే వైపే ధారపోసినారు. మొదలుపెట్టగానే వచ్చే రోడ్స్ విగ్రహం పోరు చూడు, నా మాట అర్థమవుతుంది. 'శాన్ ఆండ్రియాస్'ది దీనికి పూర్తిగా వేరే దారి. అది ఊళ్లకు ఊళ్లనే మిషన్‌లో పట్టించాలి, నువ్వు ఎటైనా తిరగొచ్చు. అందుకే దగ్గర్నుంచి చూస్తే మనుషుల చేతులు గరిటెల్లా ఉంటాయి. దూరంగా సాయంత్రం పూట నారింజ రంగు మసకలో మాత్రం ఇప్పటికీ బాగుంటుంది. ఆ మసక అందం కోసం మాత్రమే పెట్టింది కాదు, దూరపు ఇళ్లు అప్పటికప్పుడు పుట్టుకు రావడం కనపడకుండా కప్పడానికి కూడా.

'షాడో ఆఫ్ ది కొలోసస్' (2005) నాకు ప్రాణం. ఇది మిషన్ శక్తికి మించిన గేమ్. మహాకాయుల మీదికి ఎక్కేటప్పుడు బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, అది నీకూ కనిపిస్తుంది. అయినా చీకటి గుడిలోంచి గుర్రం మీద బయటికి వచ్చే క్షణం చూడు. ఎండ తెల్లగా కళ్లలోకి కొట్టి, ఒక్క క్షణం తర్వాత మైదానం మెల్లగా తేరుకుంటుంది. బెలుం గుహల్లో గంటసేపు తిరిగి, మెట్లెక్కి మే నెల ఎండలోకి వచ్చినప్పుడు మన కంటికి ఏమవుతుందో అచ్చం అదే. ఈ ఒక్క గేము కోసమే పిక్చర్ ట్యూబ్ టీవీ వెతుక్కోమంటాను. ఎల్ఈడీలో ఆ తెలుపు ఉట్టి సున్నం వేసినట్టు ఉంటుంది.

నీకు ఎల్ఈడీ తప్ప దారి లేకపోతే మాత్రం ముందు 'ఒకామి' (2006) కొను. మొదట దాన్ని మామూలు వాస్తవిక పద్ధతిలోనే చేయాలనుకున్నారు. మిషన్ తట్టుకోలేకపోవడం కూడా ఒక కారణమై జపాన్ కుంచె, సిరా బొమ్మల పద్ధతికి మళ్లినారు. లావాటి నల్ల గీత, లోపల పలచటి రంగు, వెనక కాగితం గరుకు. లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మలు గుర్తు తెచ్చుకో. అక్కడా నల్లటి గీతే మనిషిని నిలబెడుతుంది, రంగు కొంత వెలిసినా బొమ్మ చెడదు. 'ఒకామి' కూడా అంతే, ఏ టీవీలోనైనా నిలబడుతుంది.

ఇద్దరు ఆడుకోవడానికి 'టెక్కెన్ 5' తీసుకో. దాని పక్కన 2000 నాటి 'టెక్కెన్ ట్యాగ్' పెట్టి చూస్తే ఐదేళ్లలో అదే మిషన్ నుంచి ఎంత రాబట్టినారో తెలుస్తుంది. కార్లంటే ఇష్టమైతే 'గ్రాన్ టురిస్మో 4'. కారు మీద ఆకాశం జారిపోతూ ఉంటే చూడ్డం ఒక ఆనందం. 'ఫైనల్ ఫాంటసీ 10' మంచి గేమే, కానీ పాల్ సీడీ అయితే పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి, వేగం కూడా కాస్త తగ్గుతుంది. చూపు కోసం కొంటున్నావు కాబట్టి దాన్ని వదిలెయ్యి. క్రికెట్ గేములు ఆడ్డానికే, గ్యాలరీలో జనం అట్టముక్కల్లా ఉంటారు. 2009లో మన హైదరాబాద్‌లోనే తయారైన 'హనుమాన్: బాయ్ వారియర్' కనపడితే మాత్రం కొని దాచుకో. పూర్తిగా మన దేశంలోనే తయారై పీఎస్2 మీదికి వచ్చిన గేమ్ అది.

ఇప్పుడు నీ ఎల్ఈడీతో ఏం చేయొచ్చో చెప్తా. పసుపు వైరు ఒక్కదానిలోనే వెలుగూ రంగూ కలిసి వస్తాయి, అందుకే రంగులు అంచులు దాటి కారినట్టు కనిపిస్తాయి. నీ టీవీ వెనక ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంధ్రాలు పక్కపక్కన ఉంటే కాంపోనెంట్ కేబుల్ కొను. తేడా మొదటి నిమిషంలోనే కనిపిస్తుంది. ఒక జాగ్రత్త. కేబుల్ మార్చకముందే, పసుపు వైరు ఉండగానే, సీడీ లేకుండా మిషన్ ఆన్ చేసి సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లోకి పో. అక్కడ కాంపోనెంట్ వీడియో ఔట్ దగ్గర ఆర్‌జీబీ అని ఉంటే రెండోదానికి మార్చు. ఇది తెలియక నేను కేబుల్ ముందే మార్చేసినా. తెరంతా పచ్చగా వచ్చింది, కేబుల్ చెడిపోయిందని వాపసు ఇవ్వబోయినా.

తర్వాత టీవీలో బొమ్మ ఆకారం 4:3 పెట్టు. పక్కల నల్లగా ఖాళీ ఉన్నా ఫర్వాలేదు, 'ఒకామి'లో తోడేలును అడ్డంగా సాగదీసి చూడొద్దు. షార్ప్‌నెస్ బాగా తగ్గించు, గేమ్ మోడ్ ఉంటే ఆన్ చెయ్. బొమ్మను రెండు విడతలుగా కాక ఒకేసారి పంపే ప్రోగ్రెసివ్ సౌకర్యం కొన్ని గేముల్లో ఉంది. అమెరికా సీడీలో 'గాడ్ ఆఫ్ వార్ 2'కు, 'గ్రాన్ టురిస్మో 4'కు ఉంది. మన దగ్గర దొరికే పాల్ సీడీల్లో చాలావాటికి తీసేసినారు. కాబట్టి ఆప్షన్స్‌లో కనపడకపోతే నీ మిషన్ తప్పనుకోవద్దు.

పిక్చర్ ట్యూబ్ టీవీ కావాలంటే కొత్తది ఎవరూ అమ్మరు. పాత సామాను కొట్ల కంటే ముందు టీవీ మెకానిక్‌లను అడుగు. రిపేరుకిచ్చి మళ్లీ తీసుకుపోని టీవీలు వాళ్ల దగ్గర పేరుకుపోయి ఉంటాయి. 21 అంగుళాలది చాలు. కొనేముందు అరగంట ఆన్‌లో ఉంచి, తెల్లటి బొమ్మ పెట్టి, మూలల్లో రంగు మరకలు ఉన్నాయేమో చూడు. వెనక మూత మాత్రం నువ్వు విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా లోపల చాలాసేపు ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

అటక మీద అన్నేళ్లు ఉన్న మిషన్ కాబట్టి, దుమ్ము దులిపి, ముందు గీతలు లేని సీడీ ఒకటి పెట్టి చదువుతుందో లేదో చూసుకో. అది తేలాకే మిగతావి కొను. నీ టీవీ వెనక రంధ్రాల ఫొటో ఒకటి తీసి ఇక్కడ పెట్టు తమ్ముడూ, ఏ కేబుల్ కొనాలో చూసి చెప్తా.