పాప పిక్కకు ఇంజెక్షన్ వేయించే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎంఆర్ఐ రిపోర్టు చదివాను. నిన్న ఫోనులో నేను చెప్పినదానిలో సగం నీ ఏడుపులోనే కొట్టుకుపోయి ఉంటుంది. అందుకే రాస్తున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఇలాంటి ఇంజెక్షన్లు వేసే గదుల్లో నర్సుగా నిలబడ్డదాన్నే గాని డాక్టరును కాను. అది గుర్తుంచుకుని చదువు.

ముందు పేరు సంగతి. పాప పిక్కలోని గడ్డకు మీ ఊరి చీటీలో హెమాంజియోమా, అంటే రక్తనాళాల గడ్డ, అని రాసి ఉంది. పాపకు ఉన్నది అది కాదు. పసిపిల్లల హెమాంజియోమా పుట్టిన కొన్ని వారాలకు పైకి తేలి, మొదటి ఏడాది గబగబా పెరిగి, తర్వాత ఏళ్ల మీద తనంతట తానే కరిగిపోతుంది. ప్రొప్రనలాల్ మందుకు లొంగుతుంది. పాపది వీనస్ మాల్‌ఫార్మేషన్, అంటే సిరల అల్లికలోనే లోపం. పుట్టుకతో వచ్చి, పిల్లతోపాటే పెరుగుతుంది. ఆ మందు దీనికి పనిచేయదు. ఈ రెండూ వేరని మల్లికెన్, గ్లొవాకీ అనే ఇద్దరు పరిశోధకులు 1982లోనే చెప్పినా చీటీల మీద పాత పేరు ఇంకా వదలలేదు. కడుపుతో ఉన్నప్పుడు నువ్వు గ్రహణం చూశావని మీ అత్తగారు అంటున్నారట. చాలామందిలో పిండం ఎదిగేటప్పుడు ఆ ఒక్కచోటి కణాల్లో జరిగిన జన్యుమార్పే దీనికి కారణం. ఈ వాక్యం ఆవిడకు చదివి వినిపించు.

ఇంజెక్షన్ అంటే చేతికి పొడిచే సూది అనుకోకు. పిల్లలకైతే పూర్తి మత్తు ఇస్తారు. అల్ట్రాసౌండ్ తెర చూస్తూ సన్నని సూదిని గడ్డలోకి దింపుతారు. నల్లటి రక్తం వెనక్కి వస్తే సూది చోటు దొరికినట్టు. అప్పుడు రంగుమందు ఎక్కించి, ఎక్స్‌రేలో ఆ గూడు ఎంత పడుతుందో, రక్తం ఏ దారిన బయటికి పోతోందో చూస్తారు. నా దృష్టిలో అసలైన నిమిషం ఇదే. ఆ దారి పెద్ద సిరలోకి బార్లా తెరుచుకుని ఉంటే మందు నిలవకుండా ఒంట్లోకి పారిపోతుంది. దాన్ని నొక్కిపట్టడమో, మూయడమో చేయాలి. ఇంత చూశాకే మందు. సోడియం టెట్రాడెసిల్ సల్ఫేటో, పాలిడోకనాలో తీసుకుని రెండు సిరంజీల మధ్య గాలితో అటూ ఇటూ నెట్టి నురగ చేస్తారు. మొదటిసారి చూసినప్పుడు మజ్జిగ చిలుకుతున్నారా అనుకున్నాను! ఆ నురగ రక్తాన్ని పక్కకు తోసి సిర లోపలి పొరను దెబ్బతీస్తుంది. గోడలు అతుక్కుని మెల్లగా కుంచించుకుపోతాయి.

ఏ మందు వాడతారో తప్పకుండా అడుగు. శుద్ధమైన ఆల్కహాల్ అన్నింటిలోకీ ఘాటైనది, చర్మం చెడడం, నరాలు దెబ్బతినడం కూడా దానితోనే ఎక్కువ. బ్లియోమైసిన్‌తో వాపు తక్కువ గాని, ఊపిరితిత్తులకు ముప్పు ఉంది కాబట్టి ఇప్పటిదాకా ఎంత ఎక్కిందో లెక్క ఉంచాలి. ఇలాంటివి ఎన్ని చేశారు, ఎందరికి చర్మం చెడింది అని అడగడానికి మొహమాటపడకు. ఆ ప్రశ్నకు విసుక్కునే చోటు మనకొద్దు.

రక్తపరీక్షల్లో రక్తం గడ్డకట్టే తీరు చెప్పే డి-డైమర్, ఫైబ్రినోజెన్ ఉన్నాయో లేదో చూడు. పెద్ద గడ్డల్లో రక్తం నిలిచి లోపలే గడ్డకడుతుంటుంది. పాప పిక్కలో గోళీల్లా తగిలేవి, రిపోర్టులో ఫ్లెబోలిత్‌లని రాసినవి, అలా పుట్టినవే. ఆ అంకెలు తేడాగా ఉంటే రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందు ముందుగానే మొదలుపెట్టాలేమో అడుగు.

ఇంటికి వచ్చాక రెండు మూడు రోజులు వాపు ముందుకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. చెడగొట్టారని ఇంట్లో అందరూ అంటారు. ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది, గట్టి ముద్ద మాత్రం ఇంకొన్ని వారాలు ఉంటుంది. ఆసుపత్రిలో ఉన్న మొదటి రోజు మూత్రం ఎర్రగా రావచ్చు. పాపకు ఆ మాట ముందే చెప్పి ఉంచు, వస్తే పారబోయకుండా నర్సుకు చూపించు. కానీ నొప్పి మందులకు లొంగకుండా పెరిగినా, పిక్క రాయిలా బిగిసినా, కాలివేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడినా, చర్మం నల్లబడినా, ఊపిరి అందకపోయినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే బయలుదేరు.

పిక్కను నొక్కిపట్టి ఉంచడానికి వేసే బిగుతు మేజోడు కొలత పొద్దున్నే, వాపు ఎక్కకముందే ఇప్పించు. మే నెల ఉక్కలో అది వేయించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఒక్కసారితో అయిపోదు. కొన్ని వారాల ఎడంతో మళ్లీ మళ్లీ చేయాల్సి రావచ్చు, ఏళ్ల తర్వాత తిరగబెట్టనూ వచ్చు. పూర్తిగా మాయం చేస్తామని ఎవరైనా మాట ఇస్తే వారిని నమ్మకు. కొలవాల్సింది గడ్డను కాదు, పాప ఏం చేయగలుగుతోందో దాన్ని. ఇవాళే ఒక నోటుపుస్తకం తీసి, ఎన్ని మెట్లు ఎక్కి ఆగిపోయింది, నెలలో ఎన్ని రాత్రులు నొప్పికి లేచింది, బడికి ఎన్ని రోజులు వెళ్లలేదు అని రాయడం మొదలుపెట్టు. రెండోసారి చేయాలా వద్దా అన్నప్పుడు స్కానింగు ఎంత చెబుతుందో ఆ పుస్తకమూ అంత చెబుతుంది.

తేదీ ఖాయమయ్యాక ఫోను చెయ్యి. మత్తుకు ముందు ఆరు గంటలు అన్నం, టిఫిను ఏమీ పెట్టకూడదు. ఆ ఆకలికి పాప పెట్టే పేచీ నేను చూసుకుంటాను.

నీ పెద్దమ్మ