నల్ల ఆవుకు ఎర్ర దూడ పుడితే వీర్యం మారినట్టేనా?

సందేహం: మాది నలుపు తెలుపు మచ్చల హోల్‌స్టీన్ ఆవు. అదే రంగు ఆబోతు వీర్యంతో సూది వేయించాం. ఇప్పుడు పెయ్యదూడ పుట్టింది, కానీ నల్ల మచ్చలు ఉండాల్సిన చోటల్లా ఎర్ర మచ్చలున్నాయి. వీర్యం మార్చేశారని ఇంట్లో ఒకటే గొడవ. రంగు తప్పినట్టే ఈ పెయ్యకు తల్లి పాలసారమూ తప్పుతుందా? పెద్దయ్యాక దీనికి అదే ఆబోతు వీర్యం వాడొచ్చా? ఇంకో మాట. ఏళ్ల తరబడి దూడలకు కొమ్ములు కాలుస్తూనే ఉన్నాం. అయినా పుట్టే ప్రతి దూడకూ కొమ్ములు వస్తున్నాయి. తరాలు గడిస్తే తగ్గవా?

సలహా: దూడ ఎర్రగా పుట్టిందన్న ఒక్క కారణంతో సూది వేసినవాళ్లను తప్పుపట్టలేం. నల్ల తల్లికీ నల్ల తండ్రికీ ఎర్ర దూడ పుట్టడానికి పూర్తి అవకాశం ఉంది. అనుమానించాల్సి వస్తే దీనికి తలకిందులైన సందర్భాన్ని అనుమానించాలి: తల్లీ తండ్రీ రెండూ ఎర్రవై, దూడ నల్లగా పుడితే అప్పుడు తండ్రి ఏదో ఆరా తీయాలి. (హోల్‌స్టీన్‌లో అరుదుగా మరో రకం ఎరుపు కూడా ఉంది, దాని లెక్క వేరు. మీ సందర్భానికి అది వర్తించదు.)

ఎందుకో చెబుతాను. ఆవు కణాల్లో 60 క్రోమోజోములు, అంటే 30 జతలు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. అందుకే రంగును నిర్ణయించే జన్యువు కూడా రెండు ప్రతులుగా ఉంటుంది. నలుపు ప్రతి ఒక్కటి ఉన్నా చాలు, పశువు నల్లగానే కనిపిస్తుంది. ఎరుపు బయటపడాలంటే రెండు ప్రతులూ ఎరుపువే కావాలి. నలుపును బహిర్గత లక్షణమనీ, ఎరుపును అంతర్గత లక్షణమనీ అంటాం. మీ ఆవులో ఒక నలుపు ప్రతి, ఒక ఎరుపు ప్రతి ఉన్నాయి. ఆబోతులోనూ అంతే. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు జత విడిపోయి ఒక్కో ప్రతే వెళ్తుంది. ఈసారి రెండు వైపుల నుంచీ ఎరుపే వచ్చింది. ఆవుకు వేరే పరీక్ష అక్కర్లేదు, దూడే రుజువు.

తల్లిదండ్రుల గుణాలు రెండు రంగులు కలిపినట్టు కలిసిపోతాయని ఒకప్పుడు చాలామంది నమ్మేవారు. అదే నిజమైతే మీ ఆవు వంశంలో ఎప్పుడో కలిసిన ఎరుపు ఈపాటికి నలుపులో కరిగి జాడ లేకుండా పోవాలి. పోలేదు, కొంచెం కూడా పలచబడకుండా తిరిగొచ్చింది. గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కల్లో చూసింది ఇదే. గుండ్రటి గింజల రకాన్నీ ముడతల గింజల రకాన్నీ సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే వచ్చాయి. వాటిలో అవే పరాగసంపర్కం జరగనిస్తే తర్వాతి తరంలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి వచ్చాయి. దాదాపు మూడుకు ఒకటి. ఆయన ఈ సంగతి 1866లో అచ్చువేయిస్తే 1900 దాకా పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

మీ జంటకూ అదే నిష్పత్తి: ప్రతి ఈతలో నల్ల దూడకు నాలుగింట మూడు వంతులు, ఎర్ర దూడకు ఒక వంతు అవకాశం. నాలుగో దూడ తప్పకుండా ఎర్రదవుతుందని దీనికి అర్థం కాదు. ప్రతి చూడికీ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఇదే జంటకు నాలుగు దూడలు పుడితే నాలుగూ నల్లవే అయ్యే అవకాశం సుమారు 32 శాతం ఉంది. చాలామంది దగ్గర ఎరుపు ఏళ్ల తరబడి దాగి ఉండి తెలియకపోవడానికి ఇదే కారణం.

అయినా అనుమానం తీరకపోతే ఆబోతు వివరాల పట్టికలో పేరు పక్కన ‘ఆర్‌సీ’ అనే గుర్తు ఉందేమో చూడండి. ఆ ఆబోతు ఎరుపు జన్యువును మోస్తోందని దాని అర్థం. ఎరుపు లేదని పరీక్షలో తేలిన ఆబోతు అయితేనే మీ అనుమానానికి బలం. అప్పుడైనా ముందు తేదీలు చూడండి. సూది వేసిన రోజు నుంచి ఈనిన రోజుకు సుమారు 280 రోజులు రావాలి. అదే ఎదలో ఆవు మరో ఆబోతుతో కలిసిందేమో గుర్తు చేసుకోండి. ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే డీఎన్‌ఏ పరీక్ష ఉంది. కొన్ని హోల్‌స్టీన్ దూడలు ఎర్రగా పుట్టి, కొన్ని నెలల్లో నల్లబడతాయి కూడా. కాబట్టి గొడవను కొన్నాళ్లు వాయిదా వేయడంలో నష్టం లేదు.

ఇక పాల సంగతి. అసలు టెన్షన్ దీని గురించేనని నాకు అర్థమైంది. రంగు చూసి పాలను అంచనా వేయకండి. మీ దూడ రంగును తేల్చింది ఒక్క జన్యువు. పాల దిగుబడి వెనుక వందల జన్యువులున్నాయి, ఒక్కోదాని ప్రభావం చిన్నది. వాటికి తోడు మేత, ఎండ, పొదుగు ఆరోగ్యం, పెంపకం. పశువుల మధ్య పాల దిగుబడిలో కనిపించే తేడాలో వంశపారంపర్యంగా వచ్చేది సుమారు 30 శాతం. వెన్న శాతంలో ఈ వాటా ఇంకా ఎక్కువ, సగం దాకా ఉంటుంది. చూడి నిలవడం వంటి గుణాల్లో మాత్రం సాధారణంగా 10 శాతం లోపే.

లెక్క వేసి చూద్దాం. మీ ఆవు అదే కొట్టంలోని, అదే మేత తినే తోటి ఆవుల సగటు కన్నా రోజుకు 4 లీటర్లు ఎక్కువ ఇస్తోందనుకోండి. అందులో 30 శాతం, అంటే 1.2 లీటర్లు వంశం వల్ల వచ్చిందని అంచనా. తల్లి నుంచి దూడకు వెళ్లేది సగమే కాబట్టి తల్లి వైపు నుంచి ఆశించగలిగేది 0.6 లీటర్లు. అది కూడా సగటు అంచనాయే, దూడ దానికి పైన ఉండొచ్చు, కింద ఉండొచ్చు. తల్లి మంచి పాలదైతే కూతురూ అంతే పాలిస్తుందని లెక్కగట్టి ధర పెట్టేవాళ్లు నిరాశపడేది ఇక్కడే. మిగతా సగం తండ్రిది. ఆబోతు పాలివ్వదు కాబట్టి దాని విలువను కూతుళ్ల పాల రికార్డులు చూసి తేలుస్తారు. ఎక్కువమంది కూతుళ్ల లెక్క ఉన్న ఆబోతు మీద నమ్మకం ఎక్కువ. నన్నడిగితే, పెయ్య ఎంచుకోవడానికి దాని తల్లి పాలు ఎంత చూస్తామో తండ్రి కూతుళ్ల రికార్డు అంతకన్నా ఎక్కువ చూడాలి. మీ పెయ్యను అమ్మకండి, రంగు వంకతో అసలే వద్దు.

అదే ఆబోతు వీర్యం ఈ పెయ్యకు మాత్రం వాడొద్దు. అది దాని తండ్రి. ఎరుపు దాగి ఉన్నట్టే రోగాన్ని తెచ్చే జన్యువులూ ఒక్క ప్రతిగా దాగి ఉండి, మోసే పశువుకు ఏ హానీ చేయవు. హోల్‌స్టీన్‌లో బ్లాడ్ అనే జబ్బు ఇలాంటిదే. చెడు ప్రతులు రెండూ కలిసిన దూడలో తెల్ల రక్తకణాలు ఇన్ఫెక్షన్ ఉన్న చోటికి చేరలేవు, అది చిన్నతనంలోనే చనిపోతుంది. ఆబోతులో ఇలాంటి ప్రతి ఒకటి ఉందనుకుందాం. కూతురికి అది చేరే అవకాశం సగం. చేరిన కూతురిని మళ్లీ అదే ఆబోతుతో కలిపితే జబ్బు దూడకు నాలుగింట ఒకటి. మొత్తం మీద ఎనిమిదింట ఒకటి. సంబంధం లేని, పరీక్ష చేసిన ఆబోతును ఎంచుకుంటే ఈ తలనొప్పే ఉండదు. అందుకే ప్రతి దూడకూ తండ్రి ఆబోతు నంబరు రాసి ఉంచుకోండి. ఈ ఒక్క పని చేయకే చాలా కొట్టాల్లో తండ్రీ కూతుళ్ల కలయిక తెలియకుండా జరిగిపోతోంది.

మీ పెయ్యలో ఉన్నవి రెండూ ఎరుపు ప్రతులే. దానికి ఎరుపు లేని నల్ల ఆబోతును వాడితే దూడలన్నీ నల్లగానే పుడతాయి, అన్నీ ఎరుపును మోస్తాయి. ఎర్ర ఆబోతును వాడితే అన్నీ ఎర్రవే.

కొమ్ముల విషయంలో, ఎన్ని తరాలు కాల్చినా తగ్గవు. కాల్చేది తల మీది మొగ్గను, అండంలోని జన్యువును కాదు. కొమ్ములు లేని దూడలు కావాలంటే పుట్టుకతోనే కొమ్ములు లేని ఆబోతు వీర్యం ఎంచుకోవాలి. కొమ్ములు లేకపోవడం బహిర్గత లక్షణం. ఆబోతులో ఆ ప్రతులు రెండుంటే మొదటి తరంలోనే దూడలన్నిటికీ కొమ్ములు రావు, ఒకటే ఉంటే సుమారు సగం దూడలకు వస్తాయి. అప్పటివరకు మొగ్గ పుర్రెకు అతుక్కోకముందే, రెండు నెలల లోపే, పశువైద్యుడితో మత్తుమందు ఇప్పించి కాల్పించండి.