రబ్బరును వైజాగ్‌కు బుక్ చేయకు

చిరంజీవి రవికి, ఆశీస్సులు.

ట్రెడ్ రబ్బరు (పాత టైర్లకు కొత్తగా వేసే పై పొర) ఫ్యాక్టరీ కోసం థాయ్‌లాండ్ నుంచి బ్లాక్ రబ్బరు, అంటే దిమ్మలుగా వచ్చే సహజ రబ్బరు, తెప్పించబోతున్నావని మీ నాన్న చెప్పాడు. సంతోషం. ఆర్డరు మీద సంతకం పెట్టే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు. ఓడ బయలుదేరాక దిద్దుకోవడం చాలా కష్టం.

ముందు రేవు సంగతి. ఫ్యాక్టరీ అనకాపల్లిలో ఉంది కాబట్టి వైజాగ్‌లో దించుకుందామనే అనుకుంటావు. కుదరదు. 2016 జనవరిలో డీజీఎఫ్‌టీ (కేంద్ర ప్రభుత్వ విదేశీ వాణిజ్య విభాగం) సహజ రబ్బరు దిగుమతిని చెన్నై, ముంబై పక్కన నవా షెవా రేవులకే పరిమితం చేసింది. కృష్ణపట్నం అయితే దగ్గర కదా అని ఎవరైనా అన్నా వినకు. నీకు చెన్నైయే దారి. అక్కడి నుంచి లారీ కిరాయి కూడా కలుపుకుని ధర కట్టుకో.

దిగుమతి సుంకం 25 శాతం లేదా కిలోకు 30 రూపాయలు, ఏది తక్కువైతే అది. కిలో ధర 120 దాటితే సుంకం 30 దగ్గరే ఆగిపోతుంది. 20 అడుగుల కంటైనర్‌లో మామూలుగా 16 ప్యాలెట్లు, 20.16 టన్నులు పడతాయి. అంటే కిలోకు 30 చొప్పున ఒక్క కంటైనర్ సుంకానికే 6,04,800 రూపాయలు చేతిలో ఉండాలి. మిగతా పన్నులు దీనికి అదనం. ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) తర్వాత క్రెడిట్‌గా వస్తుంది, సుంకం మాత్రం తిరిగి రాదు. లేటెక్స్ (రబ్బరు పాలు) జోలికి ఇప్పుడే వెళ్లకు, దాని మీద సుంకం 70 శాతం లేదా కిలోకు 49 రూపాయలు, ఏది తక్కువైతే అది.

ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి)తో మనకు వాణిజ్య ఒప్పందం ఉంది, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశానిదో చెప్పే పత్రం) ఇస్తే సుంకం తగ్గుతుందని అమ్మేవాడు చెబుతాడు. నమ్మకు. ఆ ఒప్పందంలో సుంకం తగ్గించని సరుకుల జాబితాలో సహజ రబ్బరు ఉంది.

కాగితాలను మాత్రం దగ్గర కూర్చుని చూడు. థాయ్ సరుకైతే బేలు (రబ్బరు దిమ్మ) కవరు మీద ఎస్‌టీఆర్ 20 అనే గ్రేడు పేరు ఉంటుంది, మలేషియాదైతే ఎస్‌ఎంఆర్ 20. ఇన్వాయిస్‌లో ఒకటి, బేలు మీద ఇంకొకటి ఉంటే కస్టమ్స్ అధికారి ఆపి అడుగుతాడు, అడగడం న్యాయమే. టెస్ట్ సర్టిఫికెట్‌లో మలినం 0.16 శాతం దాటకూడదు. చెక్క ప్యాలెట్లయితే చెక్కకు పురుగు పట్టకుండా శుద్ధి చేశారని తెలిపే, గోధుమ కంకి గుర్తున్న ఐపీపీసీ ముద్ర ఉండాలి. కంటైనర్ మూసేలోపు ఆ ముద్ర, బేలు కవరు రెండూ స్పష్టంగా కనిపించేలా ఫొటోలు తెప్పించుకో. మొహమాటపడకు, డబ్బు నీది.

బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) ఓడ చేరే ముందు రోజుకే దాఖలు కావాలి, సెలవైనా సరే. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆపైన రోజుకు 10,000 రుసుము. దానికి తోడు డెమరేజ్, అంటే సరుకు రేవులో ఆగినందుకు కట్టే అద్దె. ఈ టెన్షన్ అంతా ఎందుకు, క్లియరింగ్ ఏజెంటును ఇప్పుడే మాట్లాడుకో. రబ్బరు చేసిన అనుభవం ఉన్నవాణ్నే చూడు, నాలుగు రూపాయలు ఎక్కువైనా ఫర్వాలేదు.

ఇన్వాయిస్ డ్రాఫ్ట్ రాగానే, డబ్బు కట్టకముందే, నాకు వాట్సాప్ చెయ్యి. లైన్ లైన్ చదివి చెబుతాను.

మీ పెదనాన్న