గ్రీన్ రేటింగ్ ఉన్న ఫ్లాట్‌కి ఎక్కువ డబ్బు పెట్టొచ్చా?

"గ్రీన్ సర్టిఫికెట్ ఉందని బిల్డర్ చదరపు అడుక్కి ఎక్కువ అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా?" అనేది మీ ప్రశ్న. హైదరాబాద్‌లో ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్, గ్రీన్ బిల్డింగులకి రేటింగ్ ఇచ్చే సంస్థ) గోల్డ్ రేటింగ్ వచ్చిన అపార్ట్‌మెంట్‌లోనే నేను ఉంటున్నాను. నా మాట ఇది: గోడలో కలిసిపోయినవాటికి ఇవ్వండి. ఎవరో ఒకరు రోజూ నడిపితేనే పనిచేసేవాటికి పైసా ఎక్కువ ఇవ్వకండి.

పోయిన వేసవిలో మా బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల మీద పడ్డాం. అసోసియేషన్ మీటింగ్‌లో ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు లేచి, "గ్రీన్ బిల్డింగ్ అన్నారు, నీళ్లు ఇంత ఎలా అయిపోతున్నాయి?" అని గట్టిగా నిలదీశారు. మేనేజర్ ప్లంబర్‌ని పిలిపించాడు. అతను ఏమీ మాట్లాడకుండా స్టోర్‌రూమ్‌లోంచి ఒక కవర్ తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు. రూపాయి బిళ్లంత జాలీ మూతలు, కొన్నిటికి సున్నం గార పట్టి ఉంది. కుళాయి మూతికి బిగించే ఏరేటర్లు. ధారలో గాలి కలిపి నీళ్లు ఆదా చేసేవి ఇవే. "ఫోర్స్ లేదు, పీకెయ్ అని మీరే ఫోన్ చేశారు కదా సార్. మీ బ్లాకువే ఎక్కువ" అన్నాడు. ఇంజనీరు గారు కూర్చున్నారు.

రేటింగ్ ఇచ్చిన రోజున అవన్నీ కుళాయిలకే ఉన్నాయి. ఆ తర్వాత వచ్చి చూసిందెవరు?

ఎస్టీపీ, అంటే మురుగునీళ్లు శుద్ధి చేసి ఫ్లష్‌కి పంపే ప్లాంటు, దాని సంగతీ అప్పుడే బయటపడింది. కరెంటు బిల్లు తగ్గించాలని రాత్రిళ్లు అందులోకి గాలి ఊదే బ్లోయర్ ఆపేస్తున్నారట. గాలి అందకపోతే మురుగుని తినే బ్యాక్టీరియా బతకదు. ఫ్లష్ నీళ్లు కంపు కొట్టేది అందుకే. ఆ కంపు భరించలేక కొందరు అప్పటికే ఫ్లష్‌కి కూడా మంచినీళ్ల లైను కలిపించుకున్నారు.

అలాగని సర్టిఫికెట్ దండగ అనను. రేటింగ్‌కి లెక్కపెట్టే పాయింట్ల కోసమే కదా బిల్డర్ మొదట్లోనే ఫ్లష్‌కి వేరే పైపులైను వేసింది! ఇల్లు కట్టేశాక అది వేయాలంటే బాత్రూమ్ టైల్స్ అన్నీ పగలగొట్టాలి. మా హాల్లో ఎదురెదురుగా కిటికీలున్నాయి, సాయంత్రం గాలి ఆడుతుంది. పెయింట్ వాసన లేకపోవడంతో ఆస్తమా ఉన్న మా అమ్మ మొదటి వారమే వచ్చి ఉండగలిగింది. ఇవి ఎవరూ పీకలేరు.

ఈ వ్యవహారంలో మన ఊరికి పెద్ద పేరే ఉంది. పరిశ్రమల సమాఖ్య సీఐఐ 2001లో ఐజీబీసీని పెట్టింది. హైటెక్ సిటీ దగ్గరున్న వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్‌కి 2003లో అమెరికా వాళ్ల గ్రీన్ రేటింగ్ లీడ్‌లో అన్నిటికన్నా పై మెట్టు, ప్లాటినం వచ్చింది, అమెరికా బయట అదే మొదటిది. జాలీ గోడలు, మధ్యలో ఆవరణ, పైన తోట. కానీ అక్కడ కట్టించుకున్నవాళ్లే వాడుకుంటున్నారు. మన దగ్గర బిల్డర్ ఫలకం బిగించి, తాళాలు అసోసియేషన్‌కి ఇచ్చి వెళ్లిపోతాడు.

ఇంకో తిరకాసు, ప్రీ-సర్టిఫికేషన్. డ్రాయింగులు చూసి ఇచ్చేది అది. పునాది తవ్వకముందే బ్రోచర్ మీద లోగో వేసుకుంటారు. ఫైనల్ రేటింగ్ వచ్చిందా అని అడగండి, సేల్స్ కుర్రాడు నీళ్లు నములుతాడు. పైగా తప్పనిసరి నిబంధనలు కొన్ని దాటాక మిగతాదంతా పాయింట్ల కూడికే. ఒకచోట పోయింది ఇంకోచోట రాబట్టుకోవచ్చు. పడమటి వైపు నిలువెత్తు అద్దాలు పెట్టి, వేరేచోట పాయింట్లు ఏరుకోవచ్చు. ఆ ఎండకి ఏసీ బిల్లు కట్టేది మీరు. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇళ్ల కోసం పెట్టిన నియమావళి, ఎకో నివాస్ సంహిత 2018లో బయటి గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదని ఉంది. ఆ లెక్క కాగితం మీద చూపించమనండి.

అన్నట్టు, మా క్లబ్‌హౌస్ ముందు లాన్ ఉంది. పిల్లల్ని తొక్కనివ్వరు, ట్యాంకర్ నీళ్లు మాత్రం రెండు పూటలా పెడతారు. ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు షో ఫ్లాట్‌లో టైం వేస్ట్ చేయకండి, సెల్లార్లోకి దిగి ఎస్టీపీ ఆపరేటర్‌ని లాగ్‌బుక్ అడగండి.