పాలీహౌస్‌కు సోలార్ కరెంటు

ప్రశ్న: మొయినాబాద్ దగ్గర పది గుంటల పాలీహౌస్‌లో మా కుటుంబం జెర్బెరా పూలు పండిస్తూ, చామంతి నారు కూడా పెంచి అమ్ముతోంది. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తాయి. వేసవిలో ఒక్కో హార్స్‌పవర్ ఫ్యాన్లు నాలుగూ, తడి ప్యాడ్ల మోటారూ పగలంతా నడవక తప్పదు కనుక కరెంటు బిల్లు, డీజిల్ ఖర్చు లాభాన్ని మింగేస్తున్నాయి. సోలార్ ప్యానెళ్లను పాలీహౌస్ కప్పు మీదే బిగించాలని నాన్నగారు, అవి వచ్చాక జనరేటర్‌ను అమ్మేయవచ్చని తమ్ముడు అంటున్నారు. ఎవరి మాట సరైనది?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సోలార్ పెట్టాలన్న మీ నిర్ణయం మంచిదే కానీ, ఆ రెండు మాటలూ ఆచరణకు పనికిరావు. పాలీహౌస్ చట్రాన్ని పలుచని ప్లాస్టిక్ షీటు బరువుకూ, గాలి తాకిడికీ లెక్కకట్టి నిలబెడతారు. దాని మీద ప్యానెళ్లు పెడితే చట్రానికి ప్రమాదం, పైగా ఆ నీడలో జెర్బెరా పూత తగ్గుతుంది. ప్యాకింగ్ షెడ్డు కప్పు గట్టిదైతే అదే సరైన చోటు. నేల మీద పెట్టదలిస్తే పాలీహౌస్‌కు ఉత్తరాన పెట్టండి, అప్పుడు వాటి నీడ మొక్కల మీద దాదాపుగా పడదు. అయితే డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా పాలీహౌస్ నీడ దాని ఎత్తుకు కొంచెం తక్కువగా ఉత్తరం వైపు సాగుతుంది కాబట్టి, ఆ ఎత్తుకు రెట్టింపు దూరమైనా వదలడం అవసరం.

జనరేటర్ విషయం ఇంకా ముఖ్యమైనది. గ్రిడ్‌కు, అంటే కరెంటు సరఫరా లైన్లకు కలిపిన మామూలు సోలార్, లైన్ మీద పనిచేసే సిబ్బంది భద్రత కోసం, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది; ఎండ మండుతున్నా మీ ఫ్యాన్లు తిరగవు. మే నెలలో మూసి ఉన్న పాలీహౌస్ నిమిషాల్లోనే వేడెక్కుతుంది కనుక, కరెంటు పోయినా పనిచేసే, బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ మీద కనీసం రెండు ఫ్యాన్లైనా నడిచే ఏర్పాటు జరిగేదాకా జనరేటర్‌ను ఉంచుకోండి.

ఇక లెక్క. నాలుగు ఫ్యాన్లు ఎనిమిది గంటలు తిరిగితే సుమారు 24 నుంచి 30 యూనిట్లు ఖర్చవుతాయి. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల వరకు ఇస్తాయి కాబట్టి ఒక్క ఫ్యాన్లకే 7 కిలోవాట్ల దాకా కావాలి, అందుకు దాదాపు 700 చదరపు అడుగుల చోటు అవసరమవుతుంది. ఎండ ముదిరినప్పుడే ఫ్యాన్ల అవసరమూ, ప్యానెళ్ల దిగుబడీ పెరగడం మీకు నిజంగా కలిసివచ్చే విషయం. 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సోలార్ పథకం పీఎం కుసుమ్ ప్రధానంగా సాగునీటి పంపులకు ఉద్దేశించినది కనుక, దాన్ని మీ బోరు మోటారు వరకే ఆలోచించండి.

అంతకన్నా ముందు వాడకాన్ని తగ్గించండి, అప్పుడు కొనవలసిన ప్యానెళ్లూ తగ్గుతాయి. ఫ్యాన్లకు వీఎఫ్‌డీ అనే వేగ నియంత్రణ పరికరం బిగించి, ఉదయం పూట సగం వేగంతో తిప్పితే ఖర్చయ్యే కరెంటు సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటు కూడా తగ్గడంతో చిన్న ఇన్వర్టర్ సరిపోతుంది. తడి ప్యాడ్లు పొడిగాలిలోనే బాగా చల్లబరుస్తాయి, వానాకాలపు తేమలో వాటి మోటారు వృథాగా తిరుగుతుంది. ఆ రోజుల్లో దాన్ని ఆపి పక్క తెరలు ఎత్తితే చాలు. చామంతి తల్లి మొక్కలు మొగ్గ తొడగకుండా రాత్రిళ్లు వెలిగించే పాత బల్బులు ఇంకా ఉంటే, సోలార్ కోసం ఆగకుండా ఈ వారమే వాటిని ఎల్‌ఈడీలుగా మార్చండి.