అండాశయ క్యాన్సర్ ఆపరేషన్‌కు స్పెషలిస్టు దాకా చేరడం ఎందుకంత కష్టం?

దూరం, డబ్బు అంటారు చాలామంది. అవీ నిజమే, కానీ చిక్కు అంతకంటే ముందే మొదలవుతుంది. కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలకే పొట్ట నిండినట్టుండటం... గ్యాస్ మాత్రలతోనే నెలలు గడిచిపోతాయి. తర్వాత స్కాన్‌లో గడ్డ కనిపిస్తే, ‘మామూలు సిస్టే’ అనుకుని ఎక్కడికక్కడే తీసేస్తారు. అది క్యాన్సరై, తీసేటప్పుడు లోపలే పగిలితే ఒక్క అండాశయం లోపలే ఉన్న 1ఏ దశ కాస్తా, క్యాన్సర్ కణాలు బయటికి చిందిన 1సీ దశ అవుతుంది.

ముదిరిన జబ్బులో కంటికి కనిపించే గడ్డంతా తీసేయాలి. ఒక్కోసారి పేగు ముక్క కూడా. గంటలకొద్దీ సాగే ఈ పనికి గైనిక్ ఆంకాలజిస్టు (గర్భాశయం, అండాశయాల వంటి క్యాన్సర్లకు ఆపరేషన్ చేసే స్పెషలిస్టు), ఐసీయూ, రక్తం సిద్ధంగా ఉండాలి. అవన్నీ ఒకేచోట దొరికేది పెద్ద ఆసుపత్రుల్లోనే.

సీఏ-125 అనే రక్తపరీక్ష నార్మల్ వచ్చిందని ధీమా వద్దు, తొలి దశలో చాలామందికి అది పెరగదు. స్కాన్‌లో అనుమానం ఉంటే ఆపరేషన్‌కు ముందే రిఫరల్ అడగండి.