ఫైల్ కళ్లముందే ఉంది, దొరకలేదంటోంది!

ప్రశ్న: ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. ఇక్కడే ఒక ఫ్రెంచ్ స్టూడెంట్ దగ్గర సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. ల్యాబ్‌లో వాడే ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తుంటే సగంలో ఆగి 'ఫైల్ దొరకలేదు' అంటోంది, వెళ్లి చూస్తే ఫైల్ అక్కడే ఉంటోంది. అకౌంట్ పేరు నా పేరుకు మార్చాను కానీ యూజర్స్‌లో ఫోల్డర్ ఇంకా అతని పేరుతోనే ఉంది. ఆ పేరులో ఒక ఇంగ్లిష్ 'ఇ' మీద ఏటవాలు గీత (é) ఉంది. ఎర్రర్‌లో మాత్రం దాని చోట నెత్తిన వంకర గీతతో పెద్ద ఇంగ్లిష్ 'ఏ' (Ã), పక్కన కాపీరైట్ గుర్తు (©) కనిపిస్తున్నాయి. వైరస్ ఏమైనా పట్టిందా సర్?

జవాబు: వైరస్ కాదు, టెన్షన్ పడకండి. ఆ 'ఏ', కాపీరైట్ గుర్తు జంటగా కనబడ్డాయంటే రోగం తెలిసిపోయినట్టే. కంప్యూటర్ దాచుకునేది అక్షరాల్ని కాదు, అంకెల్ని. ఏ అంకె అంటే ఏ అక్షరమో ఒక పట్టిక చూసి తెలుసుకుంటుంది. పశ్చిమ యూరప్ భాషల కోసం విండోస్‌లో ఉన్న పాత పట్టిక 1252లో గీత 'ఇ'కి ఒకే బైటు, 233. ఇప్పుడు అన్ని భాషలకీ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో అదే అక్షరానికి రెండు బైట్లు, 195, 169. మీ సాఫ్ట్‌వేర్ బహుశా లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసి తర్వాత విండోస్‌కి తెచ్చినది. ఫోల్డర్ పేరుని యూటీఎఫ్-8లో పంపిస్తోంది, విండోస్ దాన్ని 1252 పట్టిక ముందు పెట్టుకుని చదువుతోంది. ఆ పట్టికలో 195 అంటే వంకర గీత 'ఏ', 169 అంటే కాపీరైట్ గుర్తు. అలాంటి పేరుతో ఫోల్డరే లేదు కాబట్టి దొరకలేదంటోంది, పాపం అబద్ధమేమీ చెప్పడం లేదు. కమాండ్ విండోలో ఇంకో తమాషా ఉంది: పశ్చిమ యూరప్‌లో దానికి మామూలుగా 850 అనే వేరే పట్టిక, అందులో 233 అంటే గీత పెట్టిన పెద్ద 'యూ'! ఒకే మెషీన్‌లో ఇన్ని పట్టికలు పెట్టుకుంటే తగువు రాక ఏమవుతుంది?

సెట్టింగ్స్‌లో అకౌంట్ పేరు మార్చినా ఫోల్డర్ పేరు మారదు. విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే రిజిస్ట్రీలోకి వెళ్లి మార్చమని చెప్పేవాళ్లుంటారు, వినకండి. ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్రోగ్రాములు ఆ ఫోల్డర్ పాత దారినే (పాత్, అంటే చిరునామా) రాసుకుని ఉంటాయి, ఒకటి బాగుచేయబోతే నాలుగు చెడతాయి. రేపే ల్యాబ్ ఉందంటే సీ డ్రైవ్‌లో నేరుగా 'టెంప్' అని ఇంగ్లిష్ అక్షరాలతో ఒక ఫోల్డర్ పెట్టి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో (ఏది ఎక్కడుందో ప్రోగ్రాములకి చెప్పే విండోస్ సెట్టింగులు) టెంప్, టీఎంపీ రెండింటినీ దానికి తిప్పండి. చాలా ఇన్‌స్టాలర్లు మూట విప్పేది అక్కడే, మామూలుగా ఆ చోటు యూజర్ ఫోల్డర్ లోపల ఉంటుంది. సగంలో ఆగడానికి కారణం చాలాసార్లు ఇదే.

అసలు మందు మాత్రం గీతలూ చుక్కలూ లేని ఇంగ్లిష్ అక్షరాలతో కొత్త లోకల్ అకౌంట్ తెరిచి అందులోకి మారడం. ఇంకా చెప్పాలంటే, వేరేవాళ్లు వాడిన ల్యాప్‌టాప్ కొన్నాక వాళ్ల అకౌంట్‌నే పేరు మార్చి వాడుకోవడమేంటండీ? డేటా బ్యాకప్ తీసుకుని విండోస్ మళ్లీ వేసుకోండి. పాత ప్రోగ్రాములకి ఏ భాష పట్టిక వాడాలో చెప్పే సిస్టమ్ లొకేల్ సెట్టింగ్ దగ్గర యూటీఎఫ్-8 బీటా అని టిక్ పెట్టే చోటు ఒకటుంది, అది పెడితే మీ సాఫ్ట్‌వేర్ నడవొచ్చు కానీ 1252నే నమ్ముకున్న పాత ఫ్రెంచ్ ప్రోగ్రాములు తిరగబడతాయి.

ప్రశ్న: నా ఫోల్డర్లన్నిటికీ తెలుగు పేర్లే పెట్టుకున్నాను. ఇప్పుడు మార్చాలా? (వరంగల్ నుంచి)

జవాబు: ఫొటోలు, ఉత్తరాలు, పాటలైతే అక్కర్లేదు, హాయిగా ఉంచుకోండి. విండోస్ డిస్క్ మీద పేర్లను అన్ని భాషల అక్షరాలకీ చోటున్న యూనికోడ్‌లోనే దాస్తుంది. చిక్కల్లా పాత ప్రోగ్రాములతోనే. ఫ్రెంచ్ గీతలకి కనీసం 1252లో చోటుంది, తెలుగుకి విండోస్‌లో అలాంటి పాత పట్టికే లేదు, అందుకే వాటికి మన పేరు ???? అని కనిపిస్తుంది. విండోస్‌లో ఫైల్ పేరులో ప్రశ్నార్థకం పెట్టనే కూడదు, ఇక తెరుచుకునేదెక్కడ? గణాంకాల వాళ్లు వాడే 'ఆర్' అనే సాఫ్ట్‌వేర్ 2022లో వచ్చిన 4.2 నుంచి విండోస్‌లో యూటీఎఫ్-8కి మారి చాలా నయమైంది. ఆండ్రాయిడ్ ప్రాజెక్టు దారిలో ఇంగ్లిష్‌వి కాని అక్షరాలుంటే మాత్రం విండోస్‌లో బిల్డ్ (కోడ్‌ని యాప్‌గా మార్చే పని) ఆగిపోవచ్చని హెచ్చరిక వస్తుంది. కోడింగ్ పనులు వేరే ఫోల్డర్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో పెట్టుకోండి, పేరు మధ్యలో ఖాళీ కూడా వదలకండి.